ఫోటో చూసి మందు రాస్తే మచ్చ మానుతుందా?

కౌడిపల్లి: నాట్ల కాలం వచ్చిందంటే పొలం పనికి పోయే ఇళ్లలో తీట మొదలవుతుంది. గజ్జల్లో తామర, కాలి వేళ్ల సందుల్లో ఒరుపులు, మెడ మీద దద్దుర్లు. ప్రాణం తీసేవి కావు కాబట్టి వీటిని ఎవరూ జబ్బుల కింద లెక్కవేయరు. రాత్రంతా గోక్కుని, తెల్లవారి మళ్లీ బురదలో దిగుతారు.

చర్మ వైద్యుడికి చూపించుకోవాలంటే దారి లేక కాదు. కౌడిపల్లి హైదరాబాద్ - మెదక్ రోడ్డు మీదనే ఉంది. అటు మెదక్, ఇటు నర్సాపూర్ మీదుగా హైదరాబాద్. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ కూడా లేదు. అయినా పోరు. ఎందుకంటే అసలు ఖర్చు బస్సుది కాదు, కూలిది. రోగి ఒకరు, వెంట ఒకరు. రెండు కూలీలు పోతాయి. పెద్దాసుపత్రిలో చిట్టీ రాయించుకుని, చర్మ విభాగం ఎక్కడుందో వెతుక్కుని, వరుసలో నిలబడేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. డాక్టరు చూసేది రెండు నిమిషాలు. "ఈ మాత్రానికేనా ఇంత దూరం వచ్చింది" అనుకుంటారు. రెండోసారి రమ్మంటే రారు.

అందుకే మన పల్లెల్లో చర్మ రోగానికి ఒక వరుస ఏర్పడింది. ముందు ఇంట్లో పసుపు, వేపాకు. తర్వాత మెడికల్ షాపు. ఆ తర్వాత ఆర్.ఎం.పి. అన్నీ అయ్యాక, అరచేయంత మచ్చ వీపంతా పాకాక, అప్పుడు చర్మ వైద్యుడు. ఈ వరుసలో ఇప్పుడు కొత్తగా ఒకటి వచ్చి చేరింది. అదే తెర మీద డాక్టరు. ఆరోగ్య ఉపకేంద్రంలో కూర్చుని, కంప్యూటరులోనో ఫోనులోనో దూరాన ఉన్న డాక్టరుకు మచ్చ చూపించి మందు రాయించుకోవడం. ఇది పల్లెకు మేలు చేస్తుందా, లేక మెడికల్ షాపు వైద్యానికే కొత్త రూపం అవుతుందా అన్నది ఆలోచించవలసిన సంగతి.

తెర మీదికి ఎలా వచ్చారు?

దూర వైద్యం తెలుగు నేలకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలో అపోలో ఆసుపత్రి వారు పెట్టిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు ప్రారంభించారు. అప్పట్లో దానికి ఉపగ్రహం, డిష్షు, ప్రత్యేక యంత్రాలు కావలసి వచ్చాయి. ఈనాడు ఆ పని జేబులో ఉన్న ఫోను చేస్తున్నది.

కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైంది. అందరికన్నా ముందు అమలు చేసింది మన పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఇందులో ఉపకేంద్రం ఒక కొస, డాక్టర్లు కూర్చునే కేంద్రం ఇంకో కొస. తెలంగాణలో పల్లె దవాఖానాలు అని పిలిచే ఉపకేంద్రాల్లో ఉండే సిబ్బంది రోగి వివరాలు నమోదు చేసి, అవసరమైతే ఫోటోలు జత చేసి, అవతలి డాక్టరుతో మాట్లాడిస్తారు. మందుల చీటీ తెర మీదే వస్తుంది. కరోనా సమయంలో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుంచే ఫోనులో డాక్టరును చూసే ఏర్పాటు కూడా దీనికి కలిసింది. రోగి చెల్లించవలసింది ఏమీ లేదు. దేశం మొత్తం మీద ఇప్పటికి 30 కోట్లకు పైగా సంప్రదింపులు దీని ద్వారా జరిగాయి.

దూర వైద్యానికి నియమాలు కూడా ఉన్నాయి. 2020 మార్చి 25న, అంటే లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్రం వాటిని విడుదల చేసింది. వాటి ప్రకారం రిజిస్టర్ అయిన డాక్టరే మందు రాయాలి. తన రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. పిల్లల విషయంలో పెద్దవాళ్లు పక్కన ఉండాలి. తెర మీద చూసింది చాలదనిపిస్తే స్వయంగా రమ్మని చెప్పడం డాక్టరు బాధ్యత. ఈ నియమాల్లోనూ డాక్టరును "ఆర్.ఎం.పి." అనే రాశారు. అక్కడ ఆ మూడక్షరాలకు అర్థం రిజిస్టర్ అయిన వైద్యుడు. మన ఊళ్లో అవే అక్షరాలకు అర్థం వేరు. నియమాలు చదివిన మన ఆర్.ఎం.పి. ఎవరైనా సంతోషపడితే అది ఆయన తప్పు కాదు!

చర్మం సంగతి కూడా ఆ నియమాల్లో ఉంది. మొదటిసారి వచ్చిన రోగిని వీడియోలో చూసి రాయదగిన మందుల జాబితాలో చర్మానికి ఉదాహరణలుగా క్లోట్రిమజోల్, మ్యుపిరోసిన్, కాలమైన్, బెంజైల్ బెంజోయేట్ పేర్లు చెప్పారు. తామరకు మొదటిది, చీముకు రెండోది, దురదకు మూడోది, గజ్జికి నాలుగోది. ఆ నాలుగింటిలో స్టెరాయిడ్ పేరు లేదన్నది గమనించదగ్గది. దాని కథ ముందు ముందు వస్తుంది.

ఆకు మచ్చకు పనికొచ్చిన ఫోటో

రైతుకు ఈ పద్ధతి కొత్త కాదు. వరి ఆకు మీద మచ్చ కనిపిస్తే ఫోటో తీసి పంపడం, మందు పేరు తెలుసుకోవడం అలవాటే. మన మండలంలోనే తునికిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. 2004 నుంచి కిసాన్ కాల్ సెంటర్ ఉంది. అయితే అనుభవం ఉన్న శాస్త్రవేత్త ఒక్క ఫోటో చూసి మందు చెప్పడు. ఆకు తిప్పి చూపించమంటాడు. మొక్క పీకి వేరు చూపించమంటాడు. నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి, యూరియా ఎప్పుడు వేశావు, పక్క పొలంలో ఎలా ఉంది అని అడుగుతాడు. మచ్చ ఆకు మీద ఉన్నా కారణం వేరులో ఉండవచ్చు.

మనిషి చర్మం కూడా అంతే. గజ్జి సంగతే తీసుకుందాం. ఫోటోలో నాలుగు చిన్న పొక్కులు కనిపిస్తాయి. అవి దోమ కాటు కావచ్చు, చెమట పొక్కులు కావచ్చు. కానీ డాక్టరు "రాత్రి పూట దురద ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికి ఉంది? వేళ్ల సందుల్లో, నడుము దగ్గర ఉందా?" అని అడిగితే జబ్బు సగం తేలిపోతుంది. తల్లికి, పిల్లకు, ముసలమ్మకు ముగ్గురికీ ఉందంటే అది గజ్జే. మందు కూడా ముగ్గురికీ, ఇంట్లో దురద లేనివాళ్లకు కూడా, ఒకే రాత్రి మెడ నుంచి అరికాలి దాకా పూయాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. వారం తర్వాత ఇంకోసారి. ఒక్కరి ఫోటో పంపి ఒక్కరికి మందు తెచ్చుకుంటే నెల తిరక్కుండా మళ్లీ అదే గోకుడు.

పొలం గట్ల మీద వయ్యారిభామ పెరుగుతుంది. దానినే కాంగ్రెస్ గడ్డి అంటారు. దాని పొడి, పుప్పొడి తగిలి కొందరికి ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లబడి, దళసరిగా మారి, దురద పెడతాయి. ఫోటో చూసిన డాక్టరుకు అది ఎండ దెబ్బలాగా, తామరలాగా కూడా తోచవచ్చు. "ఏం పని చేస్తావు? గట్లు చెక్కుతావా? కలుపు తీస్తావా?" అన్న ప్రశ్న అడిగిన డాక్టరుకే అది దొరుకుతుంది. ఆ మొక్కకు దూరంగా ఉండకపోతే ఏ క్రీమూ నిలకడగా పనిచేయదు.

తెర వల్ల నిజంగా మేలు జరిగే జబ్బు ఒకటుంది. సర్పి. ఒంటికి ఒక పక్కనే, పట్టీ వేసినట్టుగా నీటి పొక్కులు, భరించలేని మంట. దానికి మన దగ్గర మంత్రం వేయిస్తారు, ఎర్రమట్టి పూస్తారు. ఆ జబ్బుకు మాత్రలు పొక్కులు వచ్చిన 72 గంటల లోపల మొదలుపెడితే ఎక్కువ మేలు. ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లకు. మూడు రోజుల్లో పట్నం పోవడం ఎంతమందికి కుదురుతుంది? ఉపకేంద్రంలో అదే పూట చూపిస్తే, ఫోటోలో స్పష్టంగా కనబడే జబ్బు కాబట్టి, డాక్టరు చీటీ అప్పుడే రాయవచ్చు. కంటి దగ్గర వస్తే మాత్రం తెరను నమ్ముకుని కూర్చోకూడదు, కంటి ఆసుపత్రికి పోవలసిందే.

రెండు రోజుల్లో తగ్గించే క్రీము

ఇక స్టెరాయిడ్ కథ. మెడికల్ షాపులో తామరకు ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. తామర పురుగును చంపేది ఒకటి, చీముకు ఒకటి, వాటితోపాటు స్టెరాయిడ్ ఒకటి. స్టెరాయిడ్ పని వాపును, ఎరుపును, దురదను అణచడం. రాసిన రెండు రోజుల్లో తీట పోతుంది. "అబ్బ, మంచి మందు" అనిపిస్తుంది. కానీ జబ్బుతో పోరాడే ఒంటి శక్తిని కూడా అది అక్కడ అణచివేస్తుంది. పైకి చల్లబడిన తామర లోపల పాకుతుంది. రాయడం ఆపగానే రెట్టింపు అవుతుంది. మళ్లీ అదే ట్యూబు. ఏళ్ల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు జీవితాంతం పోవు.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధించారు. వాటిలో చర్మానికి రాసే క్రీములు కూడా ఉన్నాయి. అయినా చీటీ అడిగే షాపు ఎంత అరుదో కొనేవాళ్లకు తెలుసు.

ఈలోగా తామర కూడా మారింది. ఒకప్పుడు రెండు మూడు వారాల్లో లొంగిన తామర ఇప్పుడు నెలల తరబడి సాగుతున్నది. టెర్బినాఫిన్ అనే మందుకు లొంగని ఒక రకానికి జపాన్ శాస్త్రవేత్తలు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది. ఇది ఇప్పుడు అనేక ఇతర దేశాల్లోనూ కనిపిస్తున్నది. ఇలా మొండికేయడానికి స్టెరాయిడ్ కలిసిన క్రీముల విచ్చలవిడి వాడకం కూడా ఒక కారణమని చర్మ వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు.

దీనికీ తెర మీది వైద్యానికీ సంబంధం ఏమిటంటే, స్టెరాయిడ్ రాసిన తామర తామరలా కనబడదు. మామూలు తామర గుండ్రంగా, అంచు ఉబ్బి, మధ్యలో తేరుకుని ఉంటుంది. అంచు చూసే డాక్టరు గుర్తుపడతాడు. స్టెరాయిడ్ రాస్తే ఆ అంచు చెరిగిపోతుంది. ఎదురుగా కూర్చున్న డాక్టరే తడబడతాడు. అలాంటప్పుడు ఫోటో చూసే డాక్టరు సంగతి చెప్పేదేముంది? ఎదురుగా ఉంటే కొంచెం పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూడవచ్చు. తెర మీద గీకడానికి లేదు. కాబట్టి ఇప్పటిదాకా ఏమేం రాశావని అడగని డాక్టరు, అడిగినా దాచిపెట్టే రోగి, ఇద్దరూ కలిసి తప్పు మందుకు దారి వేస్తారు. షాపులో కొన్నాం అంటే డాక్టరు కోప్పడతాడని చాలామంది "ఏమీ రాయలేదు సార్" అంటారు. కోప్పడితే పడనీయండి.

కెమెరాకు తెలియనిది

ఫోటోలో మచ్చ రంగు కనిపిస్తుంది, ఆకారం కనిపిస్తుంది, సైజు కనిపిస్తుంది. ఆ మచ్చకు స్పర్శ ఉందో లేదో కనిపించదు. మన ప్రాంతంలో చర్మానికి దూర వైద్యం గురించి మాట్లాడేటప్పుడు ఇదే అన్నిటికన్నా పెద్ద మాట.

కుష్ఠును మన పెద్దలు పేరు పెట్టి పిలవడానికి కూడా భయపడి పెద్దరోగం అన్నారు. పక్కనే నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త కుష్ఠు ఆసుపత్రి స్థాపించారు. ఊరు తరిమేసిన రోగులు అక్కడికి చేరేవారు. ఆ తర్వాత 1955లో జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమం, 1983లో నిర్మూలన కార్యక్రమం వచ్చాయి. కుష్ఠు కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, చొక్కా విప్పించి, వీపు చూసి పోయేవారు. నడివయసు దాటిన పాఠకులకు బడిలో వరుసగా నిలబెట్టి చూసిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ కార్యకర్త చేతిలో పెద్ద పరికరం ఏమీ లేదు. దూది పుల్ల, పెన్ను మొన. కళ్లు మూసుకోమని, మచ్చ మీద తాకి, ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించమనేవాడు. రోగి చూపించలేకపోతే అనుమానం. మోచేతి వెనక నరం ఉబ్బిందేమో తడిమి చూసేవాడు.

2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు 10 వేల మందికి ఒకరి కంటే తగ్గింది. అంతకు కొంచెం ముందే ప్రత్యేక సిబ్బంది వ్యవస్థను మామూలు ఆరోగ్య కేంద్రాలలో కలిపేశారు. లెక్క ప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ జబ్బు పోలేదు. 2022-23లో కూడా దేశంలో లక్షకు పైగా కొత్త కేసులు బయటపడ్డాయి. పోయింది ఏమిటంటే, మచ్చను తాకి చూసే అలవాటు.

ఇప్పుడు ఆ స్థానంలోకి కెమెరా వస్తున్నది. వీపు మీద పాలిపోయిన మచ్చ. ఫోటో తీసి పంపితే శోభి మచ్చ అనుకోవచ్చు, పిల్లలకు వచ్చే తెల్లపొడ అనుకోవచ్చు, బొల్లి మొదలు అనుకోవచ్చు. కుష్ఠు మచ్చకు దురద ఉండదు, నొప్పి ఉండదు. కాబట్టి ఎవరూ తొందరపడరు. క్రీము రాసుకుంటూ ఏడాది గడిపేలోగా వేళ్లు వంకరపోవచ్చు, కాలి కింద పుండు పడవచ్చు. సకాలంలో పట్టుకుంటే 6 నెలల నుంచి 12 నెలలు మందు మింగితే నయమవుతుంది. సర్కారు దవాఖానాలో ఆ మందు పూర్తిగా ఉచితం. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు అంటడం ఆగిపోతుంది.

దీనికి ఖరీదైన విరుగుడు అక్కరలేదు. ఫోటో తీసే ముందు పక్కనున్న ఎ.ఎన్.ఎం. గాని, ఆశా కార్యకర్త గాని దూది పుల్లతో మచ్చను తాకి, "స్పర్శ ఉంది" లేక "లేదు" అని ఫోటోతోపాటు రాసి పంపితే చాలు. అర నిమిషం పని. ప్రతి పాలిపోయిన మచ్చకు ఇది తప్పనిసరి చేయాలి. అవతలి డాక్టరు కూడా ఆ మాట లేని ఫోటోకు మందు రాయకూడదు. తెర మీది వైద్యానికి కన్ను పట్నంలో ఉన్నా చేయి పల్లెలోనే ఉండాలి. ఆ చేతికి శిక్షణ ఇవ్వకుండా కంప్యూటర్లు మాత్రం పంచితే, ఒకప్పటి కార్యకర్త చేసిన పాటి పని కూడా ఇప్పుడు జరగదు.

నల్లని చర్మం, ఎర్రని పుస్తకం

ఇంకో చిక్కు ఉంది. వైద్య పుస్తకాలలో దద్దు అంటే ఎర్రగా ఉంటుందని రాస్తారు. ఆ బొమ్మలు ఎక్కువగా తెల్లవాళ్లవి. ఎండలో పనిచేసే మన చర్మం మీద ఎరుపు ఎరుపుగా కనబడదు. ఊదాగానో, ముదురు గోధుమగానో, అసలు మామూలుకన్నా కొంచెం నల్లగానో కనబడుతుంది. ఈ సమస్య ఇంగ్లండు వాళ్లకూ తెలిసివచ్చింది. అక్కడ కుటుంబ వైద్యులు కరోనా కాలంలో చర్మపు ఫోటోలు తెప్పించుకుని చూడడం బాగా పెరిగింది. ఆ 2020లోనే లండన్ సెయింట్ జార్జ్ వైద్య కళాశాల విద్యార్థి మలోన్ ముక్వెండే తన అధ్యాపకులతో కలిసి, నల్లని చర్మం మీద జబ్బులు ఎలా కనిపిస్తాయో చూపే చిన్న పుస్తకం తయారుచేశాడు. అంత పెద్ద దేశంలో అప్పటిదాకా అది ఒక విద్యార్థికి తోచవలసి వచ్చింది.

మనకు ఆ లోటు లేదు, మన డాక్టర్లు మన చర్మాలే చూస్తారు. కానీ ఫోను కెమెరా మన వైపు లేదు. చాలా ఫోన్లు మనిషిని చూడగానే తమంతట తామే మచ్చలు తుడిచి, రంగు తెల్లబరచి ఫోటో తీస్తాయి. పెళ్లి ఫోటోకు అది బాగానే ఉంటుంది. డాక్టరుకు పంపే ఫోటోలో తుడిచేసింది జబ్బునే.

కాబట్టి ఆ అందం చేసే అమరిక తీసేయాలి. ఫ్లాష్ వేయకుండా, పగటి వెలుగులో, గుమ్మం దగ్గర నిలబడి తీయాలి. దగ్గరగా తీసిన ఫోటో ఒక్కటే పంపితే అది మోకాలో మోచేయో కూడా తెలియదు. ముందు దూరం నుంచి ఒకటి, తర్వాత జానెడు దూరం నుంచి ఒకటి. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. రెండు చేతులకూ ఉందా, ఒకదానికేనా అన్నది తెలిసేలా రెండూ పక్కపక్కన పెట్టి తీస్తే మరీ మంచిది. పసుపు, సున్నం, వేపాకు ముద్ద ఉంటే కడిగి తీయండి. పసుపు పూసిన చర్మం ఏ డాక్టరుకైనా పసుపుగానే కనిపిస్తుంది.

ఎవరి ఫోనులో ఎవరి ఫోటో?

కౌడిపల్లి మండలంలో తండాలు ఎక్కువ. తండా ముసలమ్మకు లంబాడీ తప్ప వేరే మాట సరిగా రాదు. తెర మీద డాక్టరు తెలుగులో అడిగిన ప్రశ్నకు మనుమడు జవాబు చెబుతాడు. తామర గజ్జల్లో ఉంటే, రొమ్ము కింద ఉంటే, మనుమడి ముందు ఆమె ఏం చెబుతుంది? చేతి మీద ఉన్న చిన్న మచ్చ చూపించి లేచిపోతుంది. ఇంట్లో ఫోను కొడుకుదైతే తల్లి ఫోటో అందులో నిలిచిపోతుంది. కోడలి సంగతి చెప్పనక్కరలేదు. అందుకే ఆడవాళ్ల చర్మ రోగాలకు ఇంటి ఫోను కన్నా ఉపకేంద్రమే మేలు. అక్కడ ఎ.ఎన్.ఎం. ఆడమనిషి, తలుపు వేసుకునే గది ఉంటుంది. ఫోటోలు సర్కారు యంత్రంలో నుంచే పోవాలి. సిబ్బంది తమ సొంత ఫోనులో తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టి "ఇది ఏమిటి సార్" అని అడగడం మాత్రం సహించరానిది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆ గ్రూపులో ఎందరున్నారో ఆ తల్లికి తెలియదు.

చీటీ వచ్చింది, మందు ఏది?

తెర మీద వచ్చిన చీటీ చేతిలో పెట్టుకుని మందు కోసం తిరగవలసి వస్తే కథ మళ్లీ మొదటికే వస్తుంది. క్లోట్రిమజోల్ రాశారు, ఉపకేంద్రంలో అయిపోయింది. రోగి షాపుకు పోతాడు. "అది కన్నా ఇది బాగా పనిచేస్తుంది" అని షాపువాడు స్టెరాయిడ్ కలిసిన ట్యూబు ఇస్తాడు. డాక్టరు చూసినా, చీటీ రాసినా, చివరికి ఒంటికి తగిలింది పాత మందే. తామర మందు మచ్చ మీదే కాక చుట్టూ రెండు వేళ్ల మేర, రోజుకు రెండుసార్లు, తగ్గినట్టు కనిపించాక కూడా రెండు వారాలు రాయాలి. అంటే ఒక రోగికి ఒక ట్యూబు చాలదు. చిన్న ట్యూబు ఒకటి ఇచ్చి పంపితే సగం వైద్యం చేసినట్టే. సగం వైద్యం తామరను మొండిదాన్ని చేస్తుంది. కాబట్టి తెర మీద ఎన్ని సంప్రదింపులు జరిగాయని లెక్క చెప్పే అధికారులు, అందులో ఎన్ని చీటీలకు పూర్తి మందు అక్కడే ఇచ్చామో కూడా లెక్క చెబితే బాగుంటుంది.

జిల్లాకు ఒక అనుకూలత వచ్చింది. మెదక్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో ప్రారంభమైంది. వైద్య కళాశాల అన్నాక చర్మ విభాగం ఉండాలి. అలాంటప్పుడు కౌడిపల్లి మచ్చను ఎక్కడో ఉన్న తెలియని డాక్టరు కాక, జిల్లాలోని చర్మ వైద్యుడే వారంలో ఒక నిర్ణీత పూట తెర మీద చూసే ఏర్పాటు చేయవచ్చు. అవసరమైతే "మంగళవారం మెదక్ రా, నేనే చూస్తాను" అనగలిగేది ఆ డాక్టరే. తెర మీద చూసిన మనిషే ఎదురుగా కూడా చూస్తారంటే రోగి పోతాడు. ఏ రోజు, ఏ వేళ చర్మ వైద్యుడు దొరుకుతారో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద, పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు.

కొన్నిటికి మాత్రం తెర ముందు కూర్చోవడమే పొరపాటు. జ్వరంతోపాటు కాలు ఎర్రబడి, వేడెక్కి, వాపు పాకుతుంటే. మూర్ఛ మాత్రలో, సల్ఫా మాత్రలో వేసుకున్న కొద్ది రోజులకు ఒంటి మీద పొక్కులు లేచి నోరు, కళ్లు పుండ్లు పడితే. షుగరు ఉన్నవాళ్ల కాలికి పుండు పడి నల్లబడితే. పసిపిల్లకు చీము పొక్కులు వచ్చి పాలు తాగడం మానేస్తే. వీటికి ఫోటో తీస్తూ నిలబడకండి, 108కి ఫోను చేయండి.

మిగతా వాటికి ఉపకేంద్రం తెర ముందు కూర్చోబోయే పాఠకులకు ఒక్క మాట. జబ్బు ఎప్పుడు మొదలైందో, ఇంట్లో ఇంకెవరికి ఉందో, ఏ పని చేస్తారో, ఏ మాత్రలు మింగుతున్నారో ముందే గుర్తుచేసుకుని పోండి. ఇప్పటిదాకా రాసిన ట్యూబు పారేయకుండా వెంట తీసుకుపోండి, ఖాళీదైనా సరే. దాని మీద పేరు చివర క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ వంటి మాటలు ఉన్నాయేమో చదవమని ఎ.ఎన్.ఎం.ను అడగండి. ఉంటే, మచ్చ కన్నా ముందు ఆ ట్యూబును కెమెరాకు చూపించండి.